అరిగిన ముల్లు

హజరత్తయ్య తన పాటల ప్లేట్లను మళ్ళీ చూసింది నెల్లూరులో, మాగుంట లేఅవుట్‌లోని ఒక కాఫీ హోటలు గోడమీద.

తోటపల్లి గూడూరు బస్టాండు దగ్గర సోడాలు అమ్మే అతను ఫోన్లో బొమ్మ చూపించి, "ఇవి నీయి గాదా అన్నా" అన్నప్పుడు నమ్మలేదు. మర్నాడు, మంగళవారం, సాయంత్రం బస్సెక్కి వచ్చాడు. అద్దాల తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టగానే చల్లగాలి మొహానికి తగిలింది. ఎదురుగోడకు నేల నుంచి పైకప్పు దాకా చెక్క అరలు, అరల నిండా ప్లేట్లు. చెప్పులు బయట వదలాలో వద్దో తెలియక ఒక క్షణం నిలబడి, తరువాత తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళాడు. ఒక అట్టను రెండు వేళ్ళతో బయటికి లాగి కింది మూల చూశాడు. ఊదారంగు రబ్బరు ముద్ర. శ్రీ పెంచలకోన మైక్ సెట్, తోటపల్లి గూడూరు. ఇంకొకటి లాగాడు. అదే ముద్ర. ప్రతి అట్ట మీదా వంకర పోకుండా ఆ ముద్ర వేసింది తనే.

హెర్నియా ఆపరేషను చేయించుకుని తొమ్మిది రోజులకు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి నడవ గోడ బోసిగా ఉంది. అది నెలన్నర కిందటి మాట. "నెల్లూరాయనెవరో వచ్చి అడిగినాడు. తూకానికి ఇచ్చేసినా" అంది భార్య ఆదిశేషమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా. మూడు వందల పన్నెండు ప్లేట్లు. తూకానికి. ఆ పూట నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు.

"పెద్దాయనా, అవి తాకబాకండి. పాతవి."

వెనక నుంచి అన్న మనిషికి ముప్పై అయిదేళ్ళుంటాయి. గడ్డం నీటుగా కత్తిరించుకున్నాడు. చేతిలో ఒక ప్లేటు ఉంది, దోసె పట్టుకున్నట్టు మధ్యలో వేళ్ళు ఆనించి పట్టుకున్నాడు. హోటలు యజమాని నరేంద్రబాబు. రొయ్యల చెరువులున్న ఇంటి బిడ్డ అని సోడా బండి అతను చెప్పాడు. అతను ప్లేయరు మూత ఎత్తి, ప్లేటు వేసి, ముల్లు దించబోయాడు. గురి తప్పి ముల్లు అంచు మీద నుంచి జారింది. రెండోసారి దిగింది. వేణువు మొదలయింది. కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చున్న పెద్దమనిషి కళ్ళు మూసుకున్నాడు.

ఆ వేణువు తన నడవలో మోగినట్టే మోగింది. ఎక్కడా ఒక్క గీర లేదు.

"ఇన్ని ప్లేట్లు యాడ దొరికినాయి సార్?" అని అడిగాడు హజరత్తయ్య.

"ఒకే ఇంట్లో. మన తోటపల్లి గూడూరులోనే." నరేంద్రబాబు నవ్వాడు. "తూకానికి దొరికినాయంటే నమ్ముతారా? పాత ఇనప సామాన్ల తక్కెట్లో పెట్టి తూచినారు."

హజరత్తయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే అతని చేతిలోని ఖాళీ అట్టను తీసుకుని, లోపలి కాగితం ముడత సరిచేశాడు. "ప్లేటును నడిమి పట్టుకోగూడదు సార్. అంచులు ఆనించి రెండరచేతుల్లో పట్టుకోవాల. నేను మైపాడు పక్క మైక్ సెట్టు కాడ పనిజేసినోణ్ణే. మస్తానయ్య నా పేరు. మీకు మనిషి గావాలంటే సాయంత్రాలు వచ్చి వేస్తా."

అబద్ధం చెప్పాలని రాలేదు. అది నోట్లోంచి అంత సాఫీగా వచ్చినందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

నరేంద్రబాబు ఆలోచించింది ఎంతోసేపు కాదు. ప్లేట్లు వేయడం చేతగాక పది రోజులుగా తంటాలు పడుతున్నాడు. నాలుగింటి నుంచి ఎనిమిది దాకా, సోమవారం సెలవు అన్నాడు. తెల్లగడ్డం, పంచెకట్టు, భుజాన తువాలు, వచ్చేవాళ్ళకు చూడటానికి కూడా బాగుంటుందని కాఫీ ఇచ్చే అమ్మాయితో అనడం హజరత్తయ్యకు వినబడింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాడు. పోలీసులకు చెప్పుకునేందుకు ఏమీ లేదు. ఆదిశేషమ్మ తన చేత్తోనే ఇచ్చింది. ముసలిదని, ఏమీ తెలియనిదని, ఆసుపత్రిలో మొగుడు పడి ఉన్న సమయం చూసి కాజేశాడు వాడు. తిరిగి ఇమ్మంటే నవ్వుతాడు. కొనుక్కుందామంటే ఒక్కో అట్ట మీద అతికించి ఉన్న ధర తాను చూశాడు. బస్సు వరిచేల మధ్య నుంచి పోతుంటే గాలికి ఉప్పు వాసన తగిలింది. ఊరు చేరేలోపు నిశ్చయం చేసుకున్నాడు. ఆ ప్లేట్లు ఎటూ తనవి కాకుండా పోయాయి. వాడివి కూడా కాకుండా చేయాలి.

*

బుధవారం నాలుగింటికి ముందే వెళ్ళాడు. తువాలు కొసలో ముడివేసి తెచ్చిన వస్తువును విప్పి ప్లేయరు పక్కన పెట్టాడు. వేలెడంత నల్లటి తలకాయ, దాని కింద ముల్లు. పన్నెండేళ్ళ కిందట ఆ ముల్లు అరిగి అరిగి కొస విరిగింది. ఒక్క చక్కటి ప్లేటు మీద దాని గీర చూసిన రోజునే తీసి డబ్బాలో పడేశాడు. పారేయలేదు. పనికిరాని వస్తువును పారేయడం చేతకాదు అతనికి.

"అదేంది?" అన్నాడు నరేంద్రబాబు.

"మీది కొత్త ముల్లు సార్. ఫారిన్ సరుకు. పాత ప్లేట్లకు పాత ముల్లే పట్టాల. ఒక దానికొకటి అలవాటు పడుంటాయి."

నరేంద్రబాబు ఎంతో తెలుసుకున్నవాడిలా తల ఊపాడు. హజరత్తయ్య కొత్త తలకాయను విప్పి అతని చేతికే ఇచ్చాడు. పాతదాన్ని బిగించాడు. జేబులోంచి అయిదు రూపాయల బిళ్ళ తీసి, బంకపట్టీతో తలకాయ మీద అతికించాడు. ఎందుకని అడిగితే, "ఎగరకుండా. పెళ్ళిళ్ళలో ఇట్టనే పెడతాం" అన్నాడు. అందులో సగం నిజమే. నరేంద్రబాబు ఆ బిళ్ళను ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

మొదటి అర, ఎడమ చివర నుంచి మొదలుపెట్టాడు. ప్లేటును అట్టలోంచి జారనిచ్చి, అంచులు అరచేతులకు ఆనించి పట్టుకుని, దీపం కిందకి వంచి చూశాడు. నల్లటి మెరుపు. ముప్పై ఏళ్ళలో ఒక్క వేలిముద్ర పడనివ్వలేదు. మెత్తటి గుడ్డతో అలవాటుగా తుడిచాడు. తుడుస్తూ, ఇప్పుడు తుడవడం ఎందుకని అనుకున్నాడు. అయినా చివరి దాకా తుడిచాడు.

ముల్లు దించాడు.

మొదట వయొలిన్లు. తరువాత ఆడగొంతు లేచింది. ఆ గొంతు 'స' అన్న ప్రతిచోటా చీర చిరిగినట్టు చిరిగింది. హజరత్తయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ చరణం తరువాత ఆమె ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటుంది, ఎంతో సన్నగా. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వింటేనే తెలుస్తుంది. ఆ చోటు వచ్చింది. ఊపిరి వినబడలేదు. ఇసుక రాలిన చప్పుడు వినబడింది. ఇక ఆ ఊపిరి ఎప్పటికీ వినబడదు.

పాట అయిపోయాక ప్లేయరు చేతిని ఎత్తి ముల్లు చూశాడు. దాని చుట్టూ వెంట్రుకంత నల్లటి పొడి చేరింది. ప్లేటు పొడి. ఊదలేదు. చూపుడు వేలితో తీసి పంచె అంచుకు తుడుచుకున్నాడు. ఇంకొకటి తీశాడు.

ఆ రోజు పదమూడు వేశాడు. గురువారం పదిహేను. తనకు ఇష్టమైనవి పక్కన పెట్టి మిగతావి చెడగొడదామని ఒకసారి అనిపించింది. వెంటనే సిగ్గేసింది. తనకు ఇష్టం లేనిదంటూ అందులో ఏముంది? హరికథ ప్లేటు వచ్చింది. నాటకం పద్యాల ప్లేటు వచ్చింది, పద్యం చివర రాగం సాగే చోట ఆ అరిగిన ముల్లు గాడిని తవ్వుకుంటూ పోయింది. ఒక్కొక్కటి అయిపోయినప్పుడల్లా కౌంటరు దగ్గరున్న నరేంద్రబాబు వైపు చూసేవాడు. అతను ఫోన్లో ఏదో చూసుకుంటూ నవ్వుకునేవాడు. తెలుస్తుంది, తెలుస్తుంది, అనుకున్నాడు హజరత్తయ్య. అన్నీ అయినాక ఒకరోజు వాడే ఒక ప్లేటు తీసి వేసుకుంటాడు. అప్పుడు వాడి మొహం చూడాలి.

రాత్రి ఇంటికి వచ్చేసరికి ఆదిశేషమ్మ అన్నం మూతపెట్టి ఉంచేది. పక్కన మంచినీళ్ళ చెంబు. అతను కూర్చుని తినేవాడు. ఇంకొంచెం అన్నం వద్దనిపిస్తే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఎక్కడికి పోతున్నావని ఆమె అడగలేదు. విడిచిన పంచె పొద్దున్నే ఉతికి దండెం మీద వేసేది.

*

కిటికీ దగ్గర కూర్చునే పెద్దమనిషి పేరు కిషోర్ బాబు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. రోజూ అయిదింటికి వచ్చి ఒక్క కాఫీ చెప్పి, అది చల్లారేదాకా కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ హోటల్లో కళ్ళు మూసుకునేది ఆయన ఒక్కడే. గురువారం ప్లేటు మార్చే వ్యవధిలో హజరత్తయ్యను పలకరించాడు.

"మా ఇంట్లో గూడా ఉండేయండీ, రెండొందల దాకా. కేసెట్లు వచ్చినప్పుడు ప్లేట్లు అమ్మేసినా. సీడీలు వచ్చినప్పుడు కేసెట్లు చర్చీలో పిల్లలకిచ్చేసినా. ఇప్పుడా సీడీలు ఉప్పుగాలికి వెనకంతా పొట్టు లేచిపొయినాయి. మా ఆవిడ వాటిని దారానికి గుచ్చి జామచెట్టుకి కట్టింది, పిట్టలు రాకుండా." ఆయన నవ్వాడు. "మొదలు బెట్టిన కాడికే వచ్చినా. ఇంట్లో మాత్రం ఏమీ మిగల్లేదు."

హజరత్తయ్యకు ఆయన మాట నచ్చింది. అది నచ్చడమే ఇబ్బందిగా ఉంది.

శుక్రవారం కిషోర్ బాబు వేణువు ప్లేటు అడిగాడు. దాన్ని బుధవారమే, ఆయన రాకముందే, హజరత్తయ్య ఒకసారి ముల్లు కిందికి పంపాడు. మళ్ళీ వేశాడు. వేణువు పైకి లేచే చోట కిషోర్ బాబు కళ్ళు తెరిచాడు. పాట సగంలో లేచి ప్లేయరు దగ్గరికి వచ్చాడు. వంగి, కళ్ళజోడు సర్దుకుని, తిరుగుతున్న ప్లేటును, బిళ్ళను, తలకాయను చూశాడు.

"మంగళవారం ఇది ఇట్టా లేదు."

హజరత్తయ్య గుడ్డ మడత పెడుతున్నాడు.

"ముల్లు విరిగుండాది గదండీ. మీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసే వేస్తుండారా?"

కిషోర్ బాబు గొంతు తగ్గించాడు. "ఎవురి మీద కోపమండీ ఇది?"

"మీ కాఫీ చల్లారిపోతుండాది సార్."

కిషోర్ బాబు ఇంకా కొంచెంసేపు అతని మొహంలోకి చూశాడు. "ఎవురేం జేసినారో నాకు తెలవదు. ఈ ప్లేట్లేం జేసినాయి మీకు?" అని, చెయ్యి చాపి, ముల్లు తానే ఎత్తేశాడు. ఎంతో నేర్పుగా ఎత్తాడు, టక్కు మన్న శబ్దం కూడా రాలేదు. తరువాత కౌంటరు దగ్గరికి నడిచాడు. హజరత్తయ్య ఆగాడు. ఇప్పుడు చెప్తాడు, అనుకున్నాడు. చెప్పినా మంచిదే, వాడి మొహం ఈరోజే చూడొచ్చు. కిషోర్ బాబు డబ్బులిచ్చి, గొడుగు తీసుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. శనివారం రాలేదు. కిటికీ దగ్గర కుర్చీలో వేరెవరో కూర్చున్నారు.

శనివారం జనం ఎక్కువగా ఉన్నారు. కూర్చునే చోటు లేక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. బిళ్ళ పెట్టిన ముల్లు ఫొటో ఎంతమంది చూశారో నరేంద్రబాబు అందరికీ చెబుతున్నాడు. హజరత్తయ్య కింది అరలోంచి ఇంకా ముట్టని ప్లేటు ఒకటి తీశాడు. దాని మీద మొదటిసారి కాబట్టి చప్పుడు కొంచెం తక్కువగానే ఉంది. రెండు నిమిషాలకు నరేంద్రబాబు దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా, ఇది వద్దు. మొన్న బుధవారం వేసినారే, ఆ అరలోయి వెయ్యండి."

"అవి చప్పుడొస్తాయి సార్."

"అదే గావాల." నరేంద్రబాబు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ చిటపట కోసమే గదా వస్తుండారు ఇంతమంది. శుభ్రంగా ఇనాలంటే ఫోన్లో లేదా? సీడీ లేదా? నాకు తొలీత తెలవలా ఈ సంగతి. నేను వేసినప్పుడు అట్టా వచ్చేది కాదు. మీరొచ్చినాకే ప్లేట్లకి ప్రాణమొచ్చింది."

హజరత్తయ్య అరలోంచి బుధవారం నాటి ప్లేటు తీశాడు. ముల్లు దించగానే చిటపటలు మొదలయ్యాయి, నూనెలో ఆవాలు పడినట్టు. బల్ల దగ్గరున్న ఆడపిల్లలిద్దరు ఒకరినొకరు చూసుకుని ఆనందంగా భుజాలు ఎగరేశారు. ఒకమ్మాయి ఫోను పైకెత్తి పట్టుకుంది. ఆ గొంతులోని ఊపిరి ఉండాల్సిన చోటు వచ్చి వెళ్ళిపోయింది. ఎవరికీ ఏమీ పోయినట్టు లేదు.

*

ఆదివారం సాయంత్రం నరేంద్రబాబు అతనికి శాలువా కప్పాడు.

ముందుగా చెప్పలేదు. ఆరింటికి పాట ఆపించి, మైకు తీసుకుని, ఇలాంటి చేతులు ఇక జిల్లాలో లేవనీ, ఈ ప్లేట్ల వెనక ఒక జీవితం ఉందనీ ఏదో మాట్లాడాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కాఫీ ఇచ్చే అమ్మాయి పూలగుత్తి తెచ్చింది. మైకు హజరత్తయ్య చేతిలో పెట్టారు. ఎన్నో పెళ్ళిపందిళ్ళలో ఆ మైకును ఎవరెవరికో అందించాడు గానీ అందులో 'హలో హలో, టెస్టింగ్' తప్ప తాను మాట్లాడింది లేదు.

"ఈ ప్లేట్లు ఇట్టా ఉండేవి కాదు" అన్నాడు. తన గొంతు గది నాలుగు మూలల నుంచి తిరిగి వచ్చింది. "నేనే చెడగొట్టినా. ముల్లు విరిగుండాది. కావాలనే బెట్టినా. రోజుకి పదిహేను లెక్కన ఇప్పటికి అరవై దాకా చెడగొట్టినా."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు బల్ల నుంచి బల్లకు పాకింది. చప్పట్లు ముందుకన్నా గట్టిగా మోగాయి. "ఎంత సరదా మనిషో చూడండి" అన్నాడు నరేంద్రబాబు, మైకు తీసుకుని.

జనం పలచబడ్డాక హజరత్తయ్య శాలువా తీసి కౌంటరు మీద పెట్టాడు.

"నేను చెప్పింది సరదాకి కాదు. నా పేరు మస్తానయ్య గాదు. హజరత్తయ్య. అట్టల మీద ముద్ర నాది. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు, లోకం తెలీని ముసిలిదాన్ని మోసం జేసి తూకానికి కొట్టుకొచ్చినావు. అందుకు చెడగొట్టినా."

ఇన్నాళ్ళూ చూడాలనుకున్న మొహం ఎదురుగా ఉంది. అందులో భయం లేదు, బాధ లేదు. ఆశ్చర్యం మాత్రం ఉంది.

"మీరా? మీ ఇంట్లో అమ్మ చెప్పినాది ఆపరేషనని." నరేంద్రబాబు స్టూలు ముందుకు జరిపాడు. హజరత్తయ్య కూర్చోలేదు. "మోసం యాడిది పెద్దాయనా? నేను ఒక్కో ప్లేటుకి రేటు చెప్పినా. ఫోన్లో చూపించినా గూడా, బయట ఎంతకి పోతుండాయో. ఆ లెక్కలు నాకొద్దు నాయనా, పాత ఇనుము కొనేవాణ్ణి పిలవండి, నా కళ్ళ ముందర తక్కెట్లో పడాల, అనింది. నాకే మనసొప్పక, ఆయనకు ఇష్టమైనవి ఓ నాలుగు ఉంచండమ్మా అన్నా. ఒక్కటి గూడా ఇంట్లో మిగలగూడదనింది. తూచేంతసేపు తక్కెడ కాడే నిలబడుకోనుండాది."

హజరత్తయ్య అరల వైపు తిరిగాడు.

"చెడగొడితే చెడగొట్టినారులెండి" అన్నాడు నరేంద్రబాబు, ఓదార్చుతున్నట్టు. "నాకేం నష్టం లేదు. రేపు సెలవు గదా, ఎల్లుండి నాలుగ్గంటలకి వచ్చేయండి."

*

పొద్దున్నే ఆదిశేషమ్మ పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుని నెత్తళ్ళు శుభ్రం చేస్తోంది. పక్కన బూడిద చిప్ప, నీళ్ళ గిన్నె. వేలెడంత చేపను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో తల గిల్లి, పేగు లాగి, గిన్నెలోకి విసురుతోంది. హజరత్తయ్య గడప మీద వచ్చి కూర్చున్నాడు.

"తక్కెట్లో పెట్టిచ్చమన్నావంట."

ఆమె చెయ్యి ఆగలేదు. "మాటొచ్చిందే నీకు."

"ఎందుకే?"

ఇంకో నాలుగు చేపల తలలు రాలాయి.

"తుఫాను నాడు మనూరికి ట్రాక్టరొచ్చింది" అంది ఆదిశేషమ్మ. "ఇంటికింత సామానే అన్నారు. నువ్వు ప్లేట్ల పెట్టెలెత్తినావు. ఆరు పెట్టెలు. నా కుట్టుమిషను నేనే ఈడ్చుకోనొచ్చి ట్రాక్టరు కాడ బెట్టినా, వానలో. 'అది ఇనుము గదే, దానికేమైతాది, ఉండనీ' అన్నావు."

"నీళ్ళొస్తాయని ఎవురనుకున్నారు."

"వచ్చినాయి గదా. నడుం లోతు ఉప్పునీళ్ళు. వారానికి వచ్చి చూస్తే చక్రం తిరగలా."

"బాగు చేపిస్తానంటిని."

"అంటివి." ఆమె గిన్నెలో చేతులు కడుక్కుని పైకెత్తి చూసుకుంది. గోళ్ళు సగానికి అరిగి ఉన్నాయి. వేళ్ళ కొసలు తెల్లగా, చర్మం మడతలు పడి, ఇంకా మంచులోనే ఉన్నట్టున్నాయి. "ఇరవై రెండేండ్లు పొయినా రొయ్యల షెడ్డుకి. ఊళ్ళో రవికెలన్నీ కుట్టినదాన్ని, తెల్లారుజామున మంచుగడ్డల్లో చేతులు బెట్టి రొయ్యలు వలిచినా. నువ్వేమో సాయంత్రమైతే గుడ్డ దీసి ఆ ప్లేట్లు తుడుచుకుంటా కూర్చునేవాడివి. ఇనుముకేమైతాదన్నావు గదా. అందుకే ఇనుము తూచే తక్కెట్లో ఏపిచ్చినా. ఒక్కొక్క కట్టా వాడు ఇసిరేస్తుంటే చూసినా."

పక్కింటి కోడి ఒకటి వచ్చి చేప తలల దగ్గర తచ్చాడింది. ఆదిశేషమ్మ దాన్ని అదిలించింది.

"అరవై దాకా చెడిపొయినాయి" అన్నాడు హజరత్తయ్య. "నేనే చెడగొట్టినా. వాడు నిన్ను మోసం జేసినాడని."

"తెలుసు. ఆ నల్లపొడి నేను చూడంది గాదు. రోజూ పంచె ఉతకతానే ఉండా." ఆమె మళ్ళీ చేప అందుకుంది. "నువ్వు ఏడవాలని అమ్మినా. మిగిలింది నువ్వే జేసినావు."

అందులో గెలుపు లేదు, జాలి కూడా లేదు. నెత్తళ్ళు ఎన్ని ఉన్నాయో చెప్పినట్టు చెప్పింది. హజరత్తయ్యకు ఏదో అనాలని ఉంది. క్షమించమనే మాట నోటిదాకా వచ్చి, ఇరవై రెండేళ్ళకు ఆ ఒక్క మాట మరీ చిన్నదిగా తోచి, అక్కడే ఆగిపోయింది.

"ఇనాలనిపిస్తే అటక మీద కేసెట్లుండాయి పో" అంది ఆమె. "ఆ అబ్బాయి అవి గూడా అడిగినాడు. నేనియ్యలా."

తన కోసం కేసెట్లయినా మిగిల్చింది, అనుకున్నాడు. ఆ మాట పట్టుకుని లేచాడు.

అటక మీద గోతం మూట ఉంది. విప్పితే కేసెట్లు. పెళ్ళిళ్ళకు తీసుకుపోతే ప్లేట్లు అరిగిపోతాయని, కేసెట్లు వచ్చిన కొత్తలో ఈ నడవలోనే కూర్చుని, సౌండు పెట్టె ముందు మైకు నిలబెట్టి, ఒక్కో ప్లేటునూ వాటిలోకి ఎక్కించాడు. టేపురికార్డరు కూడా అక్కడే దొరికింది. వెనక మూత విప్పితే లోపలి బెల్టు జిగురై కప్పీకి అంటుకుని ఉంది. అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్ లో ముంచి జిగురు తుడిచాడు. టేపు రాసుకునే చోట కూడా తుడిచాడు. దూది గోధుమరంగుకు మారింది. సైకిలు ట్యూబు నుంచి సన్నటి రింగు కోసి బెల్టు చేశాడు. రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది. ఈ పని చేస్తున్నంతసేపూ మనసు తేలికగా ఉంది. పాటలు ఎక్కడికీ పోలేదు. ఆ సన్నటి ఊపిరి కూడా ఇందులో ఉంటుంది.

ఒకటో నంబరు కేసెట్టు పెట్టి మీట నొక్కాడు.

వయొలిన్లు వచ్చాయి, కొంచెం మెల్లగా. ఆడగొంతు లేచింది. శుభ్రంగా ఉంది, చిరగని గొంతు. హజరత్తయ్య ముందుకు వంగాడు. చరణం దగ్గరికి వచ్చేసరికి పాట వెనక ఇంకేదో ఉన్నట్టు తోచింది. టకటకటక. మోటారు చప్పుడేమో అని చెవి పెట్టె మీద ఆనించాడు. మోటారు కాదు. ఆ చప్పుడు వేగం పెరిగి, ఒక్కక్షణం ఆగి, గుడ్డ తిప్పుకున్నట్టు ఆగి, మళ్ళీ సాగింది.

"ఆపెహె. పాటలో పడతాంది."

అది తన గొంతు. ముప్పై ఏళ్ళ కిందటి గొంతు, పైకప్పు మీద కోతిని అదిలించినట్టు ఉంది. కుట్టుమిషను చప్పుడు తెగిపోయింది. పాట సాగింది.

రెండో పాటలో మిషను మళ్ళీ మొదలయింది. ఈసారి చాలా మెల్లగా, ఒక్కొక్క కుట్టే, వినబడకూడదని కాళ్ళతో పట్టి పట్టి తొక్కుతున్నట్టు. పల్లవి అయ్యేదాకా అలాగే నడిచింది.

"చెప్తే అర్థం గాదా నీకు? లేచి అవతలికి పో."

పీట జరిగిన చప్పుడు. అడుగుల చప్పుడు. ఆ తరువాత మూడో పాటలో మిషను లేదు. నాలుగో పాటలో లేదు. పాటలు ఎంతో శుభ్రంగా ఉన్నాయి. గాయని ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. హజరత్తయ్య ఆపేందుకు మీట మీదికి చెయ్యి చాపాడు.

"ఆపబాక."

ఆదిశేషమ్మ నడవ గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకు ఇంకా చేప పొలుసు అంటుకుని ఉంది. ఆమె వచ్చి గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరూ వింటుండగా అయిదో పాట, ఆరో పాట అయిపోయి, టేపు చివరికి వచ్చి టక్కుమని ఆగింది.

"ఎన్నుండాయి అట్టాటివి?" అని అడిగింది.

"నలభై ఒకటి."

"అన్నీ బెట్టు. ఒక్కటి గూడా దాటెయ్యబాక. నేను ఈడనే కూర్చుంటా."

హజరత్తయ్య కేసెట్టు బయటికి తీసి, రెండో వైపు తిప్పి, మళ్ళీ పెట్టాడు.